నార తాగిన తీర్థం

చర్చిలో మొదటి గంట మోగకముందే స్రెతెన్ షెడ్డు తలుపు తోశాడు. లైటు వేస్తే ఇంట్లోవాళ్ళకు తెలుస్తుందని వెయ్యలేదు. రేకుల సందుల్లోంచి పడే బూడిద వెలుతురు అతనికి చాలు. షెడ్డు నడుమ రెండు చెక్కస్టాండ్ల మీద పడవ బోర్లా పడుకుని ఉంది. పైన గాజునార మెరుపు, దాని కింద తేనెరంగు జనపనార అల్లిక. ఎవరు చూసినా ఒకసారి చెయ్యి వేసి నిమరకుండా ఉండలేరు.

స్రెతెన్ నిమరలేదు. జేబులోంచి దినార్ బిళ్ళ తీసి ముక్కు దగ్గర మొదలుపెట్టి మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్. టంగ్. టంగ్. నడుముకు కాస్త ఇవతల, సరిగ్గా అడుగున, చెయ్యి ఆగింది. ఊపిరి బిగబట్టి కొట్టాడు.

టప్.

పక్కకు జరిగి కొట్టాడు. టంగ్. మళ్ళీ వెనక్కి వచ్చి కొట్టాడు. ఈసారి అది టంగో టప్పో తేలలేదు. నిన్న కూడా ఇంతే. మొన్నా ఇంతే. మొదట చెవిలో అనుమానం పుడుతుంది, తర్వాత ఆ అనుమానమే చెవిని మింగేస్తుంది.

శనివారం గ్వోజ్దెన్ వస్తాడు. ఈ పడవను ట్రెయిలర్ మీద కట్టుకుని ద్రీనా నది ఒడ్డున ఉన్న తన ఊరికి పట్టుకుపోతాడు. కొండల మీద మంచు కరిగి ఏరు ఉరకలెత్తే రోజుల్లో, అందులో కొట్టుకుపోయేవాళ్ళను ఒడ్డుకు లాగే దళానికి అతను పెద్ద. పడవలో ముందు మోకాళ్ళ మీద కూర్చునేది అతని కొడుకు రాస్త్కో. ఆ రాస్త్కో పసికందుగా ఉన్నప్పుడు జ్ఞానస్నానపు తొట్టి దగ్గర చేతుల్లోకి తీసుకుని, వీడికి నేను పూచీ అని దేవుడి ముందు మాట ఇచ్చినవాడు స్రెతెన్. ఆ రోజునుంచి రెండిళ్ళూ ఒకరినొకరు 'కుమే' అనే పిలుచుకుంటారు. అన్నదమ్ములకైనా తగవులుంటాయి గానీ ఆ పిలుపు పిలుచుకున్నవాళ్ళ మధ్య ఉండకూడదంటారు అక్కడ.

దినార్ బిళ్ళను జేబులో వేసుకుని స్రెతెన్ మూడు వేళ్ళు కలిపి శిలువ గుర్తు వేసుకున్నాడు. వేసుకుంటూనే, ఎవరిని ఏమని అడుగుతున్నాడో తనకే తెలియలేదు.

*

స్రెతెన్ తాళ్ళ ఫ్యాక్టరీ మనిషి. బాచ్కా మైదానంలో ఊరి చుట్టూ జనపనార పండేది, నార ఫ్యాక్టరీకి వెళ్ళేది, తాళ్ళయి ఓడలెక్కేది. తర్వాత ప్లాస్టిక్ తాళ్ళు వచ్చి ఫ్యాక్టరీ మూతపడింది. కూతురు నెవెన నోవిసాద్ నగరంలో చదువుకుని వచ్చి, "నాన్నా, నీకు నార తెలుసు, నాకు పొరల్ని అతికించే రెజిన్ తెలుసు, పడవలు చేద్దాం" అంది. ఉత్త గాజునారతో చేసిన పడవ గట్టిగానే ఉంటుంది గానీ రాయి తగిలితే పెంకులా పగులుతుంది. అందుకే పైన, లోపల గాజు పొరలు పెట్టి నడుమ జనపనార పొరలు వేస్తారు. గాజు దెబ్బను ఆపుతుంది, ఆగనిదాన్ని నార మింగుతుంది. నెవెన చెప్పిన ఈ మాట స్రెతెన్‌కు ఎంత నచ్చిందంటే, చర్చి దగ్గర అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు.

నారకు ఒక్కటే జబ్బు. నీళ్ళు కనిపిస్తే తాగేస్తుంది. తాగిన నార రెజిన్‌ను దగ్గరకు రానివ్వదు. పైకి అంతా అతుక్కున్నట్టే ఉంటుంది, రాయి తగిలిన రోజున లోపలి పొరలు వేటికవి విడిపోతాయి. అందుకని బట్టను రాత్రంతా వేడి బీరువాలో పెట్టి, బయటికి తీసిన గంటలోపే అచ్చులో పరిచి రెజిన్ పొయ్యాలని నెవెన పెట్టిన కట్టడి. చేతి చెమట తగలకుండా గ్లవ్స్ తప్పనిసరి. "తుమ్ము వస్తే పక్క ఊరికెళ్ళి తుమ్ము నాన్నా" అనేది.

ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో ఫాదర్ తిహొమిర్ ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు దీవిస్తారు. ఫలానా రోజు వస్తానని చెప్పరు. ఆ రోజు పొద్దున నెవెన రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ అయిపోయిందని, గంటలోపే వచ్చేస్తానని, కారు వేసుకుని పక్కనున్న ఓజాత్సి పట్నానికి వెళ్ళింది. వెళ్ళేముందే బట్టలన్నీ బీరువాలోంచి తీసి అచ్చులో పరిచేశారు. గాజు కింద, దాని మీద రెండు పొరల జనపనార; లోపలి గాజు పొర చివర్లో వేస్తారు. ఆమె వచ్చీ రాగానే పొయ్యాలి. పక్కనే చిన్న బల్ల మీద పళ్ళెమంత అచ్చులో అదే బట్ట, అదే వరసలో ఇంకొకటి. ప్రతి పడవతో పాటు అలాంటి సాక్షి పలక ఒకటి పోసి, దాని మీద ఇనప గుండు జారవిడిచి పడవ ఎంత దెబ్బకు ఆగుతుందో చూస్తారు.

అప్పుడు గేటు దగ్గర లుబింకా గొంతు వినిపించింది. "స్రెతెన్! ఫాదర్ గారొచ్చారు! ఆ గ్లవ్స్ తీసి రా!"

ఇంట్లో గిన్నెలో నీళ్ళు, కొవ్వొత్తి, తులసిలాంటి రుద్రజడ ఎండు కొమ్మల కట్ట అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఫాదర్ ప్రార్థన చదివి నీళ్ళు దీవించి, రుద్రజడ కట్ట ముంచి గది గదికీ చల్లారు. గుమ్మం దాటబోతుంటే స్రెతెనే అన్నాడు, "ఫాదర్ గారూ, షెడ్డులో కూడా... పడవ చేస్తున్నాం. నా పూచీ పిల్లవాడు కూర్చునే పడవ."

"అయ్యో, దానికి అడగాలా? పద."

కొవ్వొత్తికీ పటానికీ చోటు చెయ్యడానికి స్రెతెన్ బల్ల మీది సాక్షి పలకను ఎత్తి పైఅరలో పెట్టాడు. దుమ్ము పడకుండా కాగితం కప్పాడు. ఫాదర్ తిహొమిర్ చెయ్యి పెద్దది, మనసూ పెద్దది. పిల్లవాడి పేరు అడిగి, రుద్రజడను గిన్నె అడుగుదాకా ముంచి, "దేవుని దాసుడు రాస్త్కోను నీళ్ళల్లో కాపాడు" అంటూ విదిలించారు. ఒకసారి కాదు, ముక్కు వైపు, తోక వైపు, నడుమ. నడుమ విదిలించినప్పుడు కట్టలోని నీళ్ళన్నీ ధారగా పడ్డాయి. స్రెతెన్ తల వంచుకుని నిలబడ్డాడు. వంచిన తలకు అచ్చులో జనపనార బట్ట కనిపిస్తూనే ఉంది. తేనెరంగు మీద ముదురు మచ్చలు మెల్లగా పెద్దవయ్యాయి.

ఫాదర్‌ను గేటుదాకా సాగనంపి వచ్చి బట్ట అంచు పట్టుకున్నాడు. ఎత్తి బీరువాలో పెడితే అయిపోతుంది. ఒక్క రాత్రి ఆలస్యం, అంతే. ఎత్తబోయిన చెయ్యి ఆగింది. తీర్థం పడిన బట్టను వేడి పెట్టి ఆర్చడమంటే చేతులారా దీవెనను ఆవిరి చేసినట్టు కాదా? నెవెన వస్తే "ఎందుకు తడిసింది" అంటుంది, తడిసిందనే అంటుంది, దీవించారని అనదు. జనవరిలో చర్చి నుంచి తెచ్చిన తీర్థం సీసా పటం వెనక ఏడాదంతా ఉంటుంది. ఒక్కనాడూ వాసన రాలేదు, పాచి పట్టలేదు. ఏడాది పాటు తాను పాడవని నీళ్ళు పడవనెలా పాడుచేస్తాయి?

నెవెన కారు హారను వినిపించేటప్పటికి మచ్చలు పైకి ఆరిపోయాయి. సాక్షి పలకను దించి బల్ల మీద పెట్టి, కాగితం తీశాడు. ఇద్దరూ కలిసి రెజిన్ పోశారు.

*

పలక గట్టిపడ్డాక నెవెన దాన్ని ఇనప చట్రంలో బిగించింది. గోడకు నిలబెట్టిన ప్లాస్టిక్ గొట్టంలోంచి గుండుకు కట్టిన తాడు లాగి, చేత్తో గాలిలో చిన్న శిలువ గీసి, వదిలింది. ఆ శిలువ తండ్రిని ఏడిపించడానికే.

ఢమ్మని షెడ్డంతా అదిరింది. పలక తీసి వెలుతురుకు పట్టుకుంది. పైన తెల్లటి నక్షత్రం మచ్చ, వెనక వెంట్రుకంత గీత. అంతే.

"నాన్నా, చూడు! ఉత్త గాజు పలక వేస్తే కిందటిసారి పెంకులెగిరి నా షూలో పడ్డాయి. ఇది చూడు, దెబ్బ మింగి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. నీ నార నిజంగా మొండిఘటం, అచ్చం నీలాగే."

స్రెతెన్ పలకను చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద ఒక్క చుక్కయినా పడలేదని ఈ భూమ్మీద తెలిసింది తనకొక్కడికే. సాక్షికి ఏమీ తెలియకుండా సాక్ష్యం చెప్పించినట్టుంది. "బాగుంది" అన్నాడు.

"బాగుందా? అంతేనా? ఎవరైనా పోయారా ఏంటి?"

"బాగుందన్నానుగా."

మర్నాడు తెల్లవారుజామునుంచే దినార్ బిళ్ళ పట్టుకుని షెడ్డులోకి దొంగలా రావడం మొదలైంది.

మధ్యాహ్నం లుబింకా ఉల్లిపాయలేసి పొయ్యిలో మగ్గబెట్టిన చిక్కుడు గింజలు వడ్డించింది. పాలూ మాంసమూ లేని రోజులు కదా. స్రెతెన్ చెంచాతో గింజల్ని అటునుంచి ఇటు జరుపుతున్నాడు.

"అందులో రాళ్ళేమీ లేవు, ఏరాను" అంది లుబింకా.

"ఊఁ."

"ఉపవాసం తిండికి చెప్పారు గానీ మాటకు కూడా చెప్పారా? నాలుగు రోజులైంది నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడి. ఏమైంది, నామీద కోపమా?"

"నీమీద కోపమేంటి?"

"అయితే దేవుడి మీదా?"

ఆ ప్రశ్నకు స్రెతెన్ ఉలిక్కిపడ్డాడు. చెంచా పళ్ళెంలో పెట్టి లేచాడు. "షెడ్డుకు వస్తావా ఒకసారి? ఏమీ అడక్కు."

లుబింకా ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతను బిళ్ళతో రెండు చోట్ల కొట్టాడు. "తేడా ఉందా?"

ఆమె చెవి దగ్గరగా పెట్టింది. మళ్ళీ కొట్టమంది. మూడోసారి కూడా కొట్టించుకుంది. "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి. రెండోది కొంచెం... ఏమో. నేను పుచ్చకాయ కొని చూసేటప్పుడు కూడా ఇలాగే, నాకెప్పుడూ పచ్చికాయే వస్తుంది." నవ్వింది గానీ అతని మొహం చూసి ఆగిపోయింది. "స్రెతెన్, ఏంటిది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి ఎవరూ పడవను తలుపు కొట్టినట్టు కొట్టరు."

అతను బిళ్ళను జేబులో వేసుకున్నాడు. చెబితే ఆమె తన రుద్రజడ కట్టనూ, తను పెట్టిన గిన్నెనూ తలచుకుని ఏడుస్తుందని తెలుసు.

*

శుక్రవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక జనం వెళ్ళిపోయేదాకా స్రెతెన్ చర్చి ఆవరణలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఫాదర్ తిహొమిర్ అంగీ తీసేసి, మోచేతుల దాకా చొక్కా చేతులు మడుచుకుని ద్రాక్షతీగ కొమ్మలు కత్తిరిస్తున్నారు.

"రా, ఆ కొమ్మ పట్టుకో. మా ఆవిడకి నేను కత్తిరించే తీరు నచ్చదు, నువ్వు చేశావని చెబుతాను."

స్రెతెన్ కొమ్మ పట్టుకున్నాడు. "ఫాదర్ గారూ, ఒక సంగతి. తీర్థం... తీర్థం దేన్నయినా పాడుచేస్తుందా?"

కత్తెర ఆగింది. "ఎవరి తివాచీ తడిపాను?"

"తివాచీ కాదు." ఒక్కొక్క ముక్కా బయటికి లాగుతూ అంతా చెప్పాడు. నార నీళ్ళు తాగుతుందని, తాగిన నారకు రెజిన్ పట్టదని, ఆ రోజు బట్ట మీద ఇంకా రెజిన్ పొయ్యలేదని, తాను ఆపలేదని, తర్వాత ఆరబెట్టలేదని. సీసాలో నీళ్ళ సంగతి కూడా చెప్పాడు.

ఫాదర్ కత్తెరను తీగ మీద వేలాడదీసి అరుగు మీద కూర్చున్నారు.

"పసిబిడ్డకి జ్ఞానస్నానం చేయించేముందు నేను తొట్టిలో మోచెయ్యి పెట్టి చూస్తాను, గమనించావా?"

"చూశాను."

"ఎందుకు చూడాలి? పరిశుద్ధాత్మ దిగే నీళ్ళు, చల్లగా ఉంటే మాత్రం బిడ్డకి జలుబు చేస్తుందా, అని ఊరుకోవచ్చుగా?"

"చేస్తుంది కదా" అన్నాడు స్రెతెన్ మెల్లగా.

"చేస్తుంది. చేసింది. మిలుంకా మనవడికి. నేను కొత్తగా వచ్చిన ఏడు. ఆవిడ ఇప్పటికీ నాకు కోడిగుడ్లు పంపదు, పక్క ఊరి ఫాదర్‌కి పంపుతుంది." ఆయన నవ్వలేదు. "దీవించినంత మాత్రాన నీళ్ళు నీళ్ళు కావడం మానతాయని నాకెవరూ చెప్పలేదు స్రెతెన్. నువ్వు ఒక్క మాట ఆగమంటే ఆగేవాణ్ణి. తడవకూడని బట్టేదో నాకేం తెలుసు?"

"మిమ్మల్ని ఆగమని ఎలా అంటాను ఫాదర్ గారూ?"

"అదే నేనూ అడగాలనుకుంటున్నాను. నువ్వు నోరు మూసుకుంది దేవుడి మీద నమ్మకంతోనా, నా మీద మొహమాటంతోనా, కూతురు కేకలేస్తుందన్న భయంతోనా? నాకు చెప్పక్కర్లేదు. నీకు తెలిస్తే చాలు."

స్రెతెన్ చేతిలో ఇంకా ద్రాక్షకొమ్మ ఉంది. తెగిన చోట నీరు బొట్లు బొట్లుగా కారుతోంది. "ఒకవేళ ఏమీ కాకపోయి ఉంటే? నేనే లేనిపోని అనుమానం పెట్టుకుని మంచి పడవని పగలగొడితే? అది దీవెన మీద నమ్మకం లేనట్టు కాదా?"

"పగలగొట్టకుండా తెలిసే దారి లేదా?"

"పలక ఉంది. కానీ దాని మీద నీళ్ళు పడలేదు. పడ్డది పడవ మీదే."

"రేపు ఆ పిల్లవాడు ఎక్కితే?"

స్రెతెన్ చేతిలోని కొమ్మను కింద పెట్టాడు.

"నేను ఇంటికెళ్ళి ప్రార్థన చేస్తాను" అన్నారు ఫాదర్ తిహొమిర్ లేస్తూ. "నువ్వు కూడా చెయ్యి. కానీ ప్రార్థన చేశాను కదా, ఇంక రాయి మెత్తగా తగుల్తుందిలే అనుకోకు."

*

అది ఈస్టర్‌కు ముందు వారం వచ్చే లాజరు శనివారం, పిల్లల పండగ. పొద్దున్నే పిల్లలు మెడల్లో చిరుగంటలు కట్టుకుని, చేతుల్లో విల్లో కొమ్మలు పట్టుకుని వీధిలో పరుగులు తీస్తున్నారు. ఆ గణగణల మధ్య గ్వోజ్దెన్ జీపు ట్రెయిలర్‌ను ఈడ్చుకుంటూ వచ్చి గేటు ముందు ఆగింది.

"కుమే! బతికే ఉన్నావా? మీ మైదానం వాళ్ళ రోడ్లు చూస్తే నిద్రొస్తుందయ్యా, ఒక్క మలుపు లేదు. మా గుర్రాలు కూడా ఇలాంటి రోడ్డు మీద ఆత్మహత్య చేసుకుంటాయి!" దిగుతూనే కౌగిలించుకుని మూడు ముద్దులు పెట్టాడు. "ఏదీ నా పెళ్ళికూతురు? రాస్త్కో రాత్రి నిద్రపోలేదు. ఏరు ఇప్పటికే గట్లు నాకుతోంది. నిన్న ఒక మేకల కాపరి... సరే, అది తర్వాత. ఎక్కించేద్దామా?"

నెవెన అప్పటికే తాళ్ళు తెచ్చింది. స్రెతెన్ షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కించడానికి లేదు కుమే."

"ఏం, రంగు ఆరలేదా?"

"రంగు కాదు, నార ఆరలేదు." ఆ మాట అనుకోకుండా నోట్లోంచి ఊడిపడింది. తర్వాత మిగతాది చెప్పేశాడు. ఫాదర్‌తో చెప్పినట్టు ముక్కలుగా కాదు, ఒక్క గుక్కలో, నేల చూస్తూ.

మొదట మాట్లాడింది నెవెన. గొంతు చాలా చిన్నగా ఉంది. "తడిసిందని నాకొక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా."

"చెబితే ఆరబెట్టేదానివి."

"అవును, ఆరబెట్టేదాన్ని!"

"అందుకే చెప్పలేదు."

నెవెన చేతిలో తాళ్ళు కింద పడేసి, అటు తిరిగి నిలబడింది. "పలక నిలబడిందని నేను అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. పలక నిలబడిందని! నువ్వు పక్కనే నిలబడి చూశావు."

లుబింకా ఇంటి గుమ్మంలోంచి అంతా విన్నది. తలగుడ్డ అంచును నోటికి అడ్డం పెట్టుకుంది. గ్వోజ్దెన్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. మొహంలో నవ్వు పోయింది.

"అంటే ఏంటి కుమే? నా కొడుకు పడవ బాగుందా, బాగోలేదా?"

"తెలీదు."

"తెలీదా? నువ్వు చేశావు, నీకు తెలీదా?"

"తడవనిచ్చింది నేను. అయినా తెలీదు."

"ఎలా తెలుస్తుంది మరి? ఏట్లో రాయికి తెలుస్తుంది, అదైతే చెప్పేస్తుంది. అప్పటిదాకా ఆగుదామా?" గొంతు పెరిగింది. వీధిలో గంటల పిల్లలు ఒక్క క్షణం ఆగి గేటులోకి తొంగి చూశారు.

"కొడదాం" అన్నాడు స్రెతెన్. "పడవనే కొడదాం. పలకను కొట్టినట్టు."

"నాన్నా, నిలబడినా కూడా ఆ చోట దెబ్బ తిన్న పడవని అప్పగించలేం. ఏదయినా ఇది పోయినట్టే" అంది నెవెన.

"పోనీ."

*

గొట్టాన్ని గోడ నుంచి ఊడదీసి పడవ మీద నిలబెట్టారు. గ్వోజ్దెన్ దాన్ని రెండు చేతులతో కావలించుకుని పట్టుకున్నాడు. నెవెన సుద్దతో రెండు సున్నాలు చుట్టింది. ఒకటి నీళ్ళు పడని అంచు దగ్గర. రెండోది ఎక్కడో ఆమెకు తెలియదు, స్రెతెన్ వేలు పెట్టి చూపించాడు. అతని వేలు వెతుక్కోకుండా తిన్నగా అక్కడికే వెళ్ళింది.

"తాడు నేను లాగనా?" అంది నెవెన.

"నేనే లాగుతాను."

మొదటి సున్నా. గుండు పైదాకా లాగి వదిలాడు. టంగ్‌మని గట్టిగా, నిండుగా మోగింది. తెల్లటి నక్షత్రం మచ్చ. చెయ్యి లోపలికి పెట్టి నెవెన తడిమి చూసింది. తల ఊపింది.

రెండో సున్నా. తాడు లాగుతుంటే అరచేయి చెమట పట్టి జారింది. చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇది నిలబడాలని అనుకున్నాడు. ఆ వెంటనే, నిలబడితే నేనీ జన్మలో ఇంక ఏ అనుమానాన్నీ నమ్మలేను కదా అని కూడా అనుకున్నాడు. ఏది కోరుకోవాలో తేలకుండానే వేళ్ళు వదిలేశాయి.

తడి గోనెసంచి నేల మీద పడ్డట్టు చప్పుడయింది.

పైన ఏమీ లేదు. మొదటి దానికన్నా చిన్న మచ్చ. గ్వోజ్దెన్ మొహం వెలిగింది. "ఇదిగో, చూశావా! ఏమీ..."

"తిప్పండి" అంది నెవెన.

ముగ్గురూ కలిసి పడవను వెల్లకిలా తిప్పారు. లోపల, సరిగ్గా అక్కడే, అరచెయ్యంత మేర పొర తెల్లబోయి బుడగలా లేచి ఉంది. నెవెన బొటనవేలితో నొక్కింది. లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చింది, నిద్రపోయేవాడి పొట్టలా. కత్తి మొనతో అంచు లేపింది. గాజు పొర పట్టు లేకుండా వచ్చేసింది. దాని కింద జనపనార పోగులు రెజిన్ అంటకుండా, ఫ్యాక్టరీలో తాడు పేనడానికి తెచ్చిన నారలాగే, పొడిగా, మెత్తగా ఉన్నాయి. స్రెతెన్ రెండు పోగులు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఈ నార అతనికి బాగా తెలుసు.

గ్వోజ్దెన్ ఆ చోటును చాలాసేపు చూశాడు. "రాస్త్కో మోకాలు ఇక్కడే ఆనుతుంది" అన్నాడు. టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత బయటికి వెళ్ళి ట్రెయిలర్ చక్రం మీద కూర్చున్నాడు.

లుబింకా వెళ్ళి అతని చేతిలో రకియా సారా గ్లాసు పెట్టింది. ఉపవాసమని గుర్తుచేశాడు. ఉపవాసానికి రకియా అడ్డం కాదని ఆమె చెప్పింది. తాగాక స్రెతెన్‌ను పిలిచాడు.

"కుమే, ఇలా రా. నేను ఇప్పుడు నిన్ను కొట్టాలా, ముద్దు పెట్టుకోవాలా?"

"కొట్టు."

"కొడితే నీలోపల పొరలు ఎలా ఉన్నాయో కూడా తెలిసేది." గ్లాసు లుబింకాకు ఇచ్చి లేచాడు. "పాత పడవకి మాసికలేసుకుని వాడతాం ఈ పదిరోజులూ. ఈస్టర్ తర్వాత వస్తాను. ఒక్క మాట. ఫాదర్‌ని పిలవద్దనను. చివర్లో పిలువు."

*

రెండో పడవకు బట్ట పరిచిన రోజు నెవెన షెడ్డు తలుపుకు లోపల గడియ పెట్టింది. సాక్షి పలక అచ్చును పడవ అచ్చు పక్కనే, నేల మీద పెట్టింది. తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు తక్కువ. "రోలర్." "ఇదిగో." "మూల నొక్కు." మధ్యలో ఒకసారి స్రెతెన్‌కు తుమ్ము వచ్చింది. ముక్కు పట్టుకుని తలుపు దాకా పరుగెత్తి, గడియ తీసి, బయటికెళ్ళి తుమ్మి వచ్చాడు. వచ్చేసరికి నెవెన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని కాసేపటికి గానీ తెలియలేదు.

పడవ గట్టిపడి, పలక దెబ్బకు నిలబడ్డాక ఫాదర్ తిహొమిర్ వచ్చారు. రుద్రజడ కట్ట గిన్నెలో ముంచి, చెయ్యి ఎత్తి, ఆగారు. స్రెతెన్ వైపు కాదు, నెవెన వైపు చూశారు.

"చల్లొచ్చా అమ్మాయ్?"

"ఇప్పుడు బకెట్టుతో పొయ్యండి ఫాదర్ గారూ."

ఆయన అంత పనీ చేశారు. పడవ మీది నీళ్ళు జారి నేల మీద పడుతుంటే, ఈసారి స్రెతెన్ తల వంచలేదు. చూస్తూ నిలబడ్డాడు.

*

మే నెల మొదట్లో గ్వోజ్దెన్ ఊరి దగ్గర ఏరు మట్టిరంగులో ఉరుకుతోంది. రాస్త్కో హెల్మెట్ బిగించుకుని, ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒడ్డు మీదికి చెయ్యి ఊపాడు. "కుమే, మొహం అలా పెట్టకు, చచ్చినవాణ్ణి చూసినట్టు!" వెనక ఇంకొకడు తెడ్డు వేశాడు. పడవ ప్రవాహంలోకి తిరిగి, రెండు ఊపుల్లో మలుపు దగ్గర బండరాళ్ళ వెనక్కి పోయి కనిపించకుండా పోయింది.

స్రెతెన్ చెయ్యి జేబులో దినార్ బిళ్ళను పట్టుకుని ఉంది. లోహం వేడెక్కింది. ఏటి హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. గ్వోజ్దెన్ సిగరెట్ వెలిగించాడు గానీ పీల్చడం మర్చిపోయాడు.

అప్పుడు మలుపు అవతల నుంచి దెబ్బ వినిపించింది. రాయికి తగిలింది.

"ఏమయింది?" గ్వోజ్దెన్ రెండడుగులు నీళ్ళల్లోకి దిగాడు. "కుమే, ఏమయింది? నీకు కనిపిస్తోందా?"

"కనిపించడం లేదు."

"మరి?"

స్రెతెన్ కళ్ళు మూసుకున్నాడు. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. దాన్ని ఒకసారి ఈ వైపు నుంచి, ఒకసారి ఆ వైపు నుంచి విన్నాడు. గట్టిగా, నిండుగా ఉంది. అయినా నోటితో అనడానికి ధైర్యం చాలలేదు. బండరాళ్ళ అవతల పడవ ముక్కు కనిపించేదాకా అనలేదు. ముక్కు కనిపించింది, తర్వాత ఎర్ర హెల్మెట్, తర్వాత తెడ్డు. రాస్త్కో ఏదో అరుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

ఒడ్డుకు లాగగానే అందరికన్నా ముందు స్రెతెన్ పడవను బోర్లించి, తడిసిన అడుగు పక్కన మోకరిల్లి, బిళ్ళ తీశాడు.

"ఇంకా ఎన్నాళ్ళు కుమే, దీన్ని ఇలా డాక్టరులా కొట్టి చూడ్డం?" అన్నాడు రాస్త్కో జుట్టు పిండుకుంటూ.

"మాట్లాడకు" అన్నాడు స్రెతెన్. "వినపడదు."